ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు

(ఇంట్లో రొయ్యల ట్యాంకులు, సముద్రపు ట్యాంకులు పెట్టుకోవడం గురించి నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

వెనుక నిలబడ్డోళ్ళు జర ముందుకు రండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. ఈ బల్ల మీద సీసాలు అందరికీ కనపడాలె.

మూడు సీసాలు. చూస్తే మూడూ ఒక్క తీరే ఉన్నయి. ఇది బోరు నీళ్ళు, ఈ వాడలనే ఒకరింట్ల పట్టుకొచ్చినవి. ఇది నల్లా నీళ్ళు, మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణ నీళ్ళు. ఇది ఇరవై లీటర్ల క్యానుల నీళ్ళు. నా చేతిల ఉన్నది టీడీఎస్ మీటరు. బోరు నీళ్ళల్ల ముంచుతున్న... 1140. కడిగి నల్లా నీళ్ళల్ల... 310. క్యాను... 42. లీటరు నీళ్ళల్ల ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నయో ఈ అంకె సుమారుగ చెప్తది.

రొయ్యలు పెంచాలె అని వచ్చేటోళ్ళు మొదలు అడిగేది ఏ రంగు రొయ్య తేవాలె, ఎంత ట్యాంకు కొనాలె, ఏ లైటు మంచిది అని. నేను మాత్రం మీ ఇంట్ల ఏ నీళ్ళు వస్తయని అడుగుత. చేప కొంత ఓర్చుకుంటది. రొయ్య ఓర్వదు. మన ఎండలకు నీళ్ళు ఆవిరైతయి, అండ్ల కరిగున్నవి మాత్రం ట్యాంకులనే ఉండిపోతయి. ఇయ్యాల నేను చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతది.

మన దిక్కు నీళ్ళ సంగతి మీకు కొత్త కాదు. కింద ఉన్నది గ్రానైటు రాయి, ఆ రాయిలనే ఫ్లోరైడ్ ఉన్నది. తాగే నీళ్ళల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. దాటితే ఏమైతదో మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊర్లల్ల ఎముకలు వంగిన పెద్దమనుషులను చూసినోళ్ళకు నేను చెప్పే పని లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థ తయారు చేస్తే, దానికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టుకున్నది, నల్లగొండ టెక్నిక్ అని. పేరు వచ్చిన కారణం మాత్రం సంబురపడేది కాదు.

ఇప్పుడు ట్యాంకు దగ్గరికొద్దాం. బోరు నీళ్ళకు 1140 వచ్చింది గదా, మస్తు గట్టి నీళ్ళు, రొయ్య పెంకుకు కాల్షియం బాగ దొరుకుతది అనుకుంటరు. అక్కడనే మోసం ఉన్నది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళల్ల చాలాసార్లు కాల్షియం తక్కువుంటది. ఎందుకంటే ఆ రెండూ కలిస్తే గడ్డకట్టి కిందికి దిగిపోతయి. మిగిలేది సోడియం, బైకార్బొనేటు. అంటే మీటరుల అంకె పెద్దది, రొయ్యకు పనికొచ్చేది మాత్రం చిన్నది. అందుకే టీడీఎస్ ఒక్కటి చూసి నమ్మొద్దు. జీహెచ్ టెస్ట్ కిట్టు అని చుక్కల మందు దొరుకుతది. కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నయో అది చెప్తది. ఇట్ల ఫ్లోరైడ్ తీసేటందుకు పటికతోని శుద్ధి చేసిన నీళ్ళు కూడ రొయ్యలకు వద్దు, అండ్ల అల్యూమినియం మిగిలే అవకాశం ఉంటది.

మరి ఏ నీళ్ళు? నా మాటైతే నల్లా నీళ్ళే. బకెట్ల పట్టి, గాలి మోటరు పెట్టి ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతది. తొందరుంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, నాలుగు పలుకులు వేస్తే సరిపోతది. నల్లా రాని చోట బోరు నీళ్ళు ఒక వంతు, క్యాను నీళ్ళు నాలుగు వంతులు కలపండి, 250కి అటు ఇటు వస్తది. జీహెచ్ ఆరు కంటే తక్కువ ఉంటే సముద్రపు నురుగు ముక్క ఒకటి వేయండి. మూలికల అంగడిల అడిగితే ఇస్తరు. తెల్లగ, తేలికగ ఉంటది, అది కటిల్ ఫిష్ లోపలి గుల్ల. నిదానంగ కరిగి కాల్షియం ఇస్తది.

మొదలుపెట్టేటోళ్ళకు చెర్రీ రొయ్య. సైన్సు పేరు నియోకారిడినా డేవిడి, పుట్టింది తైవాన్, చైనా దిక్కు. పెద్దదైనా మూడు సెంటీమీటర్లు దాటదు. ఏడాది, ఏడాదిన్నర బతుకుతది. పీహెచ్ ఆరున్నర నుంచి ఎనిమిది దాకా తట్టుకుంటది. క్రిస్టల్ రెడ్ అని ఎరుపు తెలుపు పట్టీలది ఇంకొకటుంటది, ఫోటోల చూసి అందరూ మనసు పారేసుకునేది అదే. దానికి పీహెచ్ ఆరు దగ్గర, మెత్తటి నీళ్ళు, ఇరవై నాలుగు డిగ్రీలు దాటని చల్లదనం కావాలె. నల్లగొండల దాన్ని పెంచుడంటే కరెంటు బిల్లును పెంచుడే. (నవ్వులు)

ట్యాంకు ఇరవై లీటర్లైనా నడుస్తది, నలభై అయితే నిమ్మళం. ఎంత ఎక్కువ నీళ్ళుంటే మార్పు అంత మెల్లగ వస్తది. ఫిల్టరు స్పాంజిది పెట్టండి. వేరే ఫిల్టర్లు రొయ్య పిల్లలను గుంజుకుంటయి. గవర్నమెంట్ బడి ఆవరణల బాదం చెట్టుంటది సూడు, దాని ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. ఆకు మీద సన్నటి జిగురు పొర పడుతది, పిల్లలు దాన్నే గీక్కొని తింటయి. వారం పది రోజులకు ఆకు ఈనెల జల్లెడ లెక్క మిగులుతది.

నీళ్ళు పోసిన రోజే రొయ్యలు వేయకండి. తిండి కుళ్ళితే అమ్మోనియా వస్తది. దాన్ని నైట్రైట్‌గ, నైట్రైట్‌ను నైట్రేట్‌గ మార్చే బ్యాక్టీరియా స్పాంజిల, గులకరాళ్ళల్ల స్థిరపడాలె. దానికి నెల, నెలన్నర పడుతది. ఖాళీ ట్యాంకుల రోజూ చిటికెడు చేపల మేత వేస్తుండాలె. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించినంకనే రొయ్యలు. దుకాణపోళ్ళు "ఇయ్యాలే వేసేయండన్నా" అంటరు, వాళ్ళ బేరం వాళ్ళది.

జర దగ్గరగ చూడాల్సింది ఒకటి చెప్త. రొయ్య కుబుసం విడిచేటప్పుడు. ముందు తిండి మానేస్తది. ఒక మూలకు పోయి నడుము వంచి, వంచి, సాగదీస్తది. తల గుల్ల, తోక కలిసే చోట వీపు మీద అడ్డంగ ఒక చీలిక. అంతే, రెప్ప కొట్టే లోపట ఎగిరి బయటపడుతది. వెనుక మిగిలేది గాజు లెక్క పొట్టు. కండ్లు, మీసాలు, కాళ్ళు, అన్నీ ఉంటయి అందుల. చూసినోళ్ళు రొయ్య చచ్చిపోయిందని తీసి పారేస్తరు. తీయకండి, అండ్ల కాల్షియం ఉంటది, అవే తింటయి. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య నాచుల దాక్కుంటది. ఆడది అప్పుడే గుడ్లకు సిద్ధంగ ఉంటే నీళ్ళల్లకు ఒక వాసన వదులుతది, ఇగ మగ రొయ్యలన్నీ పిచ్చి పట్టినట్టు ట్యాంకంతా చక్కర్లు కొడతయి. తర్వాత ఆడదాని కడుపు కింద ఇరవై ముప్పై గుడ్లు కనపడతయి. ఈత కాళ్ళతో వాటికి రాత్రింబవళ్ళు గాలి విసురుతనే ఉంటది. మూడు నాలుగు వారాలకు తల్లి రూపంలనే, చీమ తలంత పిల్లలు బయటికొస్తయి.

కొన్నిసార్లు వీపు మీద సక్కగ చీలకుండ, మెడ చుట్టూ తెల్లటి ఉంగరం పడుతది. ఆ రొయ్య దక్కదు. ఖనిజాలు చాలకనో, ఒక్కసారే సగం నీళ్ళు మార్చడం వల్లనో అట్ల అయితది. వారానికి పది శాతం మార్చండి, చాలు.

చంపేటివి ఇంకో రెండున్నయి, రెండూ మన ఇండ్లల్లనే ఉంటయి. ఒకటి దోమల మందు. కాయిలైనా, గోడకు పెట్టే లిక్విడైనా, అండ్ల ఉండేది పురుగులను చంపే పైరెథ్రాయిడ్. రొయ్య పురుగుకు దగ్గరి చుట్టం. చేపలకేం కాలేదే అంటరు, తెల్లారేసరికి రొయ్యలన్నీ పక్కకు పడి కాళ్ళు కొట్టుకుంటుంటయి. ట్యాంకున్న గదిల దోమతెర కట్టుకోండి. పత్తికి మందు కొట్టి వచ్చిన చేతులు ట్యాంకుల పెట్టకండి, సబ్బుతో కడిగినా సరే. మార్కెట్ పాలకూర కూడ అంతే. ఇంటి పెరట్ల మునగాకుంటే అది ఉడికించి వేయండి. రెండోది రాగి. చేపల రోగాలకు అమ్మే మందులల్ల చాలా వాటిల కాపర్ సల్ఫేట్ ఉంటది. సీసా మీద చదవకుండ ఏ మందూ పోయొద్దు.

ఇగ ఎండకాలం.

మే నెలల మన దగ్గర 43, 44 మామూలే. స్లాబు కింద గది అయితే ట్యాంకుల నీళ్ళు 33, 34కు పోతయి. చెర్రీ రొయ్యకు 28 దాకా సుఖం, 30 దాటితే ఆయుష్షు తగ్గుతది, 32 పైన గండం. వేడికి ఇంకో కష్టం, నీళ్ళల్ల ఆక్సిజన్ పడిపోతది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు, 32 దగ్గర 7.3 మాత్రమే పడతయి.

దీనికి మన దగ్గర ఒక ఉపాయం ఉన్నది, అది కోస్తావాళ్ళకు అంతగ దక్కదు. మనది పొడి ఎండ. మట్టి రంజన్‌ల నీళ్ళు ఎట్ల చల్లబడతయో ట్యాంకు నీళ్ళూ అట్లనే చల్లబడతయి. మూత తీసి, నీళ్ళ మీదికి వాలుగ ఒక చిన్న ఫ్యాను పెట్టండి. 43 డిగ్రీల ఎండ, గాలిల తేమ 20 శాతం ఉంటే ఆవిరి వల్ల నీళ్ళు చల్లబడగలిగే హద్దు 25 దగ్గర ఉంటది. అదే చీరాలల 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే ఆ హద్దు 30. ఆ హద్దుదాకా ఏ ఫ్యానూ తీసుకపోలేదు, కానీ మూడు నాలుగు డిగ్రీలు తగ్గించుడు నల్లగొండల కష్టం కాదు. ఫ్యానుతో పాటు కూలరు పెడితే మాత్రం గదిల తేమ పెరిగి ఫ్యాను పని మందగిస్తది. కూలరుతో గది చల్లబడితే మంచిదే, కిటికీ తెరిచి పెట్టండి.

అయితే ఈ చల్లదనం ఊరికే రాదు. అరవై లీటర్ల ట్యాంకుకు ఫ్యాను పెడితే రోజుకు లీటరున్నర పోతదనుకోండి. నెలకు 45 లీటర్లు. మొదలు 250 టీడీఎస్ ఉంటే ఆ ట్యాంకుల ఉన్న లవణాలు 15 గ్రాములు. పోయిన నీళ్ళకు బదులు ఈ బోరు నీళ్ళు పోసుకుంట పోతే నెలల ఇంకో 51 గ్రాములు వచ్చి చేరతయి. టీడీఎస్ 1100. నల్లా నీళ్ళు పోస్తే 480 దాకా పోతది. క్యాను నీళ్ళు పోస్తే 280 దగ్గర ఆగుతది. చూసిన్రా? నింపేటప్పుడు నల్లా నీళ్ళు, ఎండిన లోటు తీర్చేటప్పుడు క్యాను నీళ్ళు. రొయ్యలు జూన్‌ల ఎందుకు చస్తున్నయో తెల్వక తలలు పట్టుకునేటోళ్ళల్ల చాలామంది కథ ఈ 1100 కథనే. ఎండ దెబ్బ అనుకుంటరు, ఎండ అప్పటికే పోయింటది.

ఈ లెక్క మనసున పడితే సముద్రపు ట్యాంకు సగం అర్థమైనట్టే.

నల్లగొండల సముద్రమా అని నవ్వేటోళ్ళున్నరు. సముద్రం కూడ నీళ్ళల్ల కరిగిన లవణమే గదా. లీటరుకు 35 గ్రాములు. కానీ వంట ఉప్పుతో కాదు. సముద్రపు నీళ్ళల్ల సోడియం క్లోరైడ్‌తో పాటు లీటరుకు మెగ్నీషియం 1300 మిల్లీగ్రాముల దగ్గర, కాల్షియం 400 పైన, పొటాషియం 400 దగ్గర ఉంటయి. అవన్నీ కలిపిన మెరైన్ సాల్ట్ అని డబ్బాలల్ల వస్తది. వంద లీటర్లకు మూడున్నర కిలోల పైచిలుకు పడుతది. వేరే డ్రమ్ముల ఆర్వో నీళ్ళు పోసి, ఉప్పు వేసి, మోటరు పెట్టి ఒక రోజు తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసి, అప్పుడు ట్యాంకుల పోయాలె. జీవాలున్న ట్యాంకుల నేరుగ ఉప్పు వేయొద్దు. సూర్యలంక పోయినప్పుడు క్యాన్లల్ల సముద్రం నీళ్ళు తెచ్చుకుంటమంటరు కొందరు. ఒడ్డు నీళ్ళల్ల ఏం కలిసిందో, వానలకు ఎంత పలచబడ్డదో తెల్వదు. నేనైతే తేను.

వంద లీటర్ల సముద్రపు ట్యాంకు నుంచి రోజుకు రెండు లీటర్లు ఆవిరైతయి, ఒక వారం మీరు పెండ్లికి పోయిన్రు. 14 లీటర్లు పోయినయి, మూడున్నర కిలోల ఉప్పు అట్లనే ఉన్నది. 35 ఉండేది 41కి వచ్చింది. ఇంటికొచ్చి కంగారుల ఉప్పునీళ్ళే కలిపి పోస్తే ఇంకా పెరుగుతది. పోయింది మంచినీళ్ళు, పోయాల్సింది మంచినీళ్ళే. అది కూడ ఒక్కసారే కాదు, రెండు మూడు రోజులల్ల. తేలే బంతితో నడిచే ఆటోమేటిక్ టాపప్ దొరుకుతది. లైటు మీద పెట్టే పైసలు ముందు దాని మీద పెట్టండి.

పెంచాల్సిన జీవాలు? నాకిష్టమైన జంట ఒకటి చెప్త. పిస్టల్ రొయ్య, గోబీ చేప. రొయ్యకు చూపు సరిగ ఉండదు, కానీ పొద్దంతా ఇసుక తవ్వి బొరియ కడుతది. చేపకు తవ్వుడు రాదు, కండ్లు మాత్రం చురుకు. రెండూ ఒకే బొరియల కాపురం. రొయ్య బయటికొస్తే ఒక మీసం చేప ఒంటికి తగిలించే ఉంచుతది. చేప తోక అదిరిచ్చిందంటే రొయ్య లోపటికి. రొయ్యకు ఒక పంజా పెద్దగ ఉంటది, టప్పున మూస్తే పక్క గదిలకు వినపడుతది. ఆ చప్పుడు పంజా కొట్టుకున్నందుకు కాదు. నీళ్ళు వేగంగ చిమ్మితే పుట్టిన బుడగ కూలిపోయినందుకు వస్తదని 2000లో శాస్త్రజ్ఞులు తేల్చిన్రు. కొత్తగ తెచ్చినోళ్ళు రాత్రిపూట అద్దం పగిలిందేమో అని లేచి లైటు వేస్తరు.

నిజంగ అద్దం పగలగొట్టేది వేరే ఉన్నది, మాంటిస్ ష్రింప్. పేరుకే ష్రింప్, అసలు రొయ్యల కులమే కాదు. దాని దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగం దాకా కొలిచిన్రు, మన లెక్కల గంటకు 80 కిలోమీటర్ల పైన. ఒంటరిగ, అక్రిలిక్ ట్యాంకుల పెట్టాలె. పక్కన ఎవరిని వేసినా తెల్లారేసరికి నాస్తా. ఇండ్ల పిల్లగాండ్లుంటే వద్దు.

చిన్న ట్యాంకుకు థోర్ రొయ్య బాగుంటది, రెండు సెంటీమీటర్లు మించదు, తోక పైకెత్తి ఊగుతనే ఉంటది. లక్షద్వీప్ అగత్తి దీవిల నేషనల్ బ్యూరో ఆఫ్ ఫిష్ జెనెటిక్ రిసోర్సెస్ వాళ్ళు అక్కడి ఆడవాళ్ళకు అలంకార రొయ్యల పెంపకం నేర్పిన్రు. అట్ల పెంచినవి దొరికితే కొనండి. క్లౌన్ చేపలను కూడ మన దేశపు హ్యాచరీలల్లనే పుట్టిస్తున్నరు. సముద్రంల పట్టినదానికంటే ట్యాంకుల పుట్టింది మీ దగ్గర బాగ బతుకుతది.

ఇప్పుడు ప్రశ్నలు. చెప్పమ్మా.

(సభలో ఒకరు: సముద్రపు గుర్రం, పగడాలు పెట్టుకోవచ్చా అన్నా?)

సముద్రపు గుర్రం వద్దే వద్దమ్మా. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్నంత రక్షణ 2001ల దానికీ ఇచ్చిన్రు. గట్టి పగడాలకు, విసనకర్ర లెక్క పెరిగే సీ ఫ్యాన్ పగడాలకు కూడ. మన సముద్రంల నుంచి తీసుడు, అమ్ముడు, ఇంట్ల పెట్టుకునుడు అన్నీ నేరమే. దుకాణంల దొరుకుతుంది గదా అంటే, దొరికినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. లైవ్ రాక్ పేరు మీద అమ్మేది కూడ చాలావరకు చచ్చిన పగడమే. ఎండు రాయి, సిరామిక్ రాయి పెట్టి బ్యాక్టీరియాను పెంచుకోండి, రెండు నెలలు ఎక్కువ పడుతది, అంతే.

(ఇంకొకరు, కొల్లాపూర్ నుంచి: మా సోమశిల దిక్కు కృష్ణల పడే రొయ్యలను తెచ్చి పెంచొచ్చా?)

నీలకంఠ రొయ్యనా? పెంచొచ్చు తమ్మీ, కానీ పెద్ద ట్యాంకు కావాలె, మగది అడుగు దాకా వస్తది, నీలం పంజాలతో పక్కదాన్ని బతకనియ్యదు. కుబుసం విడిచి మెత్తగున్నది దొరికితే తినేస్తది. ఇంట్ల పిల్లలు కావు. గుడ్లు పొదిగినంక పిల్లకు ఉప్పు కలిసిన నీళ్ళు కావాలె, లీటరుకు 12 గ్రాముల దగ్గర. అందుకే నదిల అది సముద్రం ముఖానికి దిగి గుడ్లు వదులుతది. అడ్డం డ్యాములు వచ్చినంక ఆ తొవ్వ బందైంది. రిజర్వాయర్లల్ల హ్యాచరీ పిల్లలను ప్రభుత్వం వదలాల్సి వస్తుందంటే కారణం అదే. ఒక్కటి మాత్రం, ట్యాంకుల జీవాలను ఉదయసముద్రంలనో, కోయిల్‌సాగర్‌లనో వదలకండి. ఎవరో వదిలిన సక్కర్ చేప ఇయ్యాల కృష్ణల జాలరుల వలలు చింపుతుంది, దయ్యపు చేప అని తిట్టుకుంటున్నరు.

(ఒక అమ్మాయి: కరెంటు పోతే ఎంతసేపు ఆగుతయి సార్?)

చెర్రీ రొయ్యలు, తక్కువ ఉంటే, నాచు బాగుంటే, నాలుగైదు గంటలు ఏం కాదు. సముద్రపు ట్యాంకుకు గంట దాటితే కష్టం, ఉప్పునీళ్ళల్ల ఆక్సిజన్ ముందే తక్కువ. బ్యాటరీ గాలి మోటరు ఒకటి దగ్గరుంచుకో. ఇంట్ల ఇన్వర్టరుంటే ముందు ఫ్యాను కాదు, ఆ గాలి మోటరు దాని మీదికి మార్చు.

(అదే అమ్మాయి: ఇప్పుడే మొదలుపెడ్త అనుకుంటున్న.)

ఇప్పుడు మే నెల గదా, ఆగు. ట్యాంకు కొను, నీళ్ళు పరీక్ష చేయి, బాదం ఆకులు ఏరి పెట్టుకో. దసరా దాటినంక నీళ్ళు పోసుకో. దీపావళి తర్వాత అమ్మోనియా చూడు, కార్తీకంల రొయ్యలు వేసుకో. సంక్రాంతి నాటికి మొదటి పిల్లలు కనపడతయి. మల్ల ఎండలొచ్చేసరికి ట్యాంకు పాతబడి ఉంటది, నీకు కూడ మీటరు చూసుడు అలవాటైతది.